పుండు రహిత ఆసుపత్రి

నా పుండుని గేటు దగ్గరే ఆపేశారు.

కాలికి గుడ్డ చుట్టుకుని, ఆటో దిగి, కుంటుకుంటూ మా ఊరి పెద్దాసుపత్రిలోకి అడుగు పెట్టబోతుంటే సెక్యూరిటీ ఆయన కర్ర అడ్డం పెట్టి పైకి చూడమన్నాడు. పైన కొత్త బోర్డు. పచ్చరంగు మీద తెల్లక్షరాలు: ‘ఇది పుండు రహిత ఆసుపత్రి. మీ సహకారమునకు ధన్యవాదములు.’

“మరి పుండున్నవాళ్ళు ఎక్కడికెళ్ళాలండి?” అనడిగాను.

“అది బోర్డు మీద రాయలేదండి,” అన్నాడాయన మర్యాదగా.

నా పేరు మేడిశెట్టి సూరన్న. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ముందు అరుగు మీద కూర్చుని దస్తావేజులు రాస్తాను. సుగరుంది. కొత్త చెప్పు కరిచిన చోట పుండు పడి, మానకుండా మొండికేసింది. దాన్ని చూపించుకుందామని వస్తే ఇదీ సంగతి. అయినా నాకు కోపం రాలేదు. ఆఫీసు భాషతో బతికేవాణ్ణి. బోర్డు మీద ‘సహకారమునకు’ అని ఉంటే దానికి సహకరించకుండా ఉండలేను.

విషయం ఏమిటంటే, పైనుంచి ఒక ఆర్డరు వచ్చింది. ఆసుపత్రుల్లో మంచాన పడ్డవాళ్ళకి కదలిక లేక నడుం కింద, తుంటి దగ్గర, మడమల మీద పుండ్లు పడుతున్నాయి. రోగుల్ని రెండు గంటలకోసారి అటూ ఇటూ తిప్పండి, పక్క తడి లేకుండా చూడండి, బలమైన తిండి పెట్టండి అని అందులో ఉంది. చాలా మంచి ఆర్డరు. అయితే ఆఖరి పేరాలో, ఒక్క పుండు కూడా లేని ఆసుపత్రికి రాష్ట్రస్థాయి అవార్డు ఇస్తామనీ, పుండు తేలితే సూపరింటెండెంటు సంజాయిషీ చెప్పుకోవాలనీ రాశారు. దాంతో అందరూ ఆ ఆర్డరుని ఆఖర్నించి చదవడం మొదలుపెట్టారు. పై పేరాల దాకా వచ్చే తీరిక ఎవరికీ చిక్కలేదు.

కాసేపటికి గేటు దగ్గరికి టై కట్టుకున్న ఒక కుర్రాఫీసరు వచ్చాడు. పేరు ప్రఫుల్లచంద్ర. నాణ్యతా సమన్వయకర్త అట. అవార్డు సంగతంతా ఆయన చేతిలోనే ఉంది. నా కాలు చూసి, “ఇది మా దగ్గర ఉత్పన్నమైనది కాదు. బాహ్యమూలక చర్మ విఘాతం,” అని తేల్చి, నా కట్టు మీద ఒక ముద్ర కొట్టించాడు. ‘దిగుమతి’ అని. అప్పట్నించి నా పుండుకి ఆసుపత్రిలో ఎక్కడికెళ్ళినా గౌరవమే.

మగవాళ్ళ సర్జరీ వార్డులో నాకు మంచం ఇచ్చారు. పక్క మంచం మీద నూకరాజు. కొబ్బరి దింపు తీసే మనిషి. చెట్టు మీంచి పడి ఎడమ తొడ ఎముక విరిగింది. లోపల వెయ్యాల్సిన ప్లేటు ఇంకా రాలేదని, అందాకా కాలికి తాడు కట్టి, మంచం చివర కప్పీ మీంచి బరువు వేలాడదీశారు. ముప్పై దాటిన మనిషి, బండలాంటి ఛాతీ. పొద్దస్తమానం ఆకాశం కేసి చూసి బతికినవాడు ఇప్పుడు పొద్దస్తమానం ఫ్యాను కేసి చూస్తున్నాడు. భార్య మంగతాయారు అతని పక్కనే ఇనపబల్ల మీద ఉండేది. సన్నగా ఉంటుంది గానీ గొంతు మాత్రం కాలవ అవతలి గట్టుకి కూడా వినిపిస్తుంది.

నేను చేరిన రోజే మొదటిసారి ఆ మైకు విన్నాను.

“రోగులకు విజ్ఞప్తి. ఇప్పుడు ఎడమ పార్శ్వ స్థితి పరివర్తన.”

వార్డు మొత్తం ఎడమ వైపుకి తిరిగి పడుకుంది. నేనూ తిరిగాను. జ్వరం వాళ్ళు, హెర్నియా వాళ్ళు, పలకరించడానికొచ్చి మంచం చివర కూర్చున్న చుట్టాలు, అంతా తిరిగారు. వరండాలో కళ్ళ పరీక్షకి నించున్న ముసలాయన కూడా ఎందుకైనా మంచిదని గోడవైపు తిరిగి నించున్నాడు. తిరగనిది ఒక్క నూకరాజే.

“నువ్వు తిరగవేం?” అన్నాను.

“నాకు తిరగాలనే ఉందండి. కాలు ఒప్పుకోడం లేదండి,” అన్నాడు.

తిరగగలిగినవాళ్ళని తిప్పడానికి మైకు చాలు. తిరగలేనివాడిని తిప్పాలంటే మనుషులు కావాలి. నడుం పట్టుకుని ఇద్దరు ఎత్తాలి, కింద దిండు సర్దాలి. వార్డులో ఉన్నది ఒక్కతే సిస్టరు, సువార్తమ్మ. ఇంజక్షన్లకీ సెలైన్లకీ ఆవిడే.

“మిగతా సిస్టర్లు ఏరమ్మా?” అనడిగాను.

“తిప్పుడు లెక్కలు రాస్తున్నారండి,” అంది సువార్తమ్మ సూది విరిచి పారేస్తూ. “ఎంతమందిని తిప్పామో రంగుల గ్రాఫులు గియ్యాలంట. తిప్పేవాళ్ళందర్నీ దానికే వేశారు.”

గ్రాఫు మాత్రం బాగా వచ్చిందని విన్నాను.

ఒకరోజు పొద్దున్న మంగతాయారు తడిగుడ్డతో మొగుడికి ఒళ్ళు తుడుస్తోంది. అతను తలమీది కడ్డీ పట్టుకుని నడుం కాస్త పైకెత్తాడు. ఆవిడ చెయ్యి కిందికి పోనిచ్చి, టక్కున ఆగిపోయింది.

“మావా, ఇక్కడేంటి?”

“ఏమో తాయారూ. నాలుగైదు రోజుల్నించీ మండుతుంది. పక్క నలిగిందేమో అనుకున్నా.”

సువార్తమ్మ వచ్చి వంగి చూసింది. ముడ్డిపూస మీద చర్మం నల్లబడి, మధ్యలో పగిలి, లోపల్నించి వాసన వస్తోంది. అది నా మంచం దాకా వచ్చింది.

“ఇది రోజూ కడిగి కట్టు కట్టాలి. దీనిమీద బరువు పడకూడదు. లేదంటే ఎముక దాకా పోతుంది,” అంది సువార్తమ్మ.

“కట్టండి మరి,” అంది మంగతాయారు.

“గాజుగుడ్డలు లేవమ్మా. పుండు రహిత ఆసుపత్రిలో పుండు సామాను కనిపిస్తే అనుమానం వస్తుందని తిప్పి పంపేశారు.”

అయినా ఆవిడ వెళ్ళి సూపరింటెండెంటు డాక్టరు ఉమామహేశ్వరం గారికి చెప్పింది. ఆయన ప్రఫుల్లచంద్రని వెంటపెట్టుకుని వచ్చారు. చెడ్డాయన కాదు. రోగుల్ని ‘నాయనా’ అని పలకరిస్తారు. అవార్డు కోసం ఆఫీసు గోడకి మేకు కూడా కొట్టించి ఉంచుకున్నారు. చుట్టూ కర్టెను లాగి, కొంచెం దూరం నించే చూశారు.

“ఇది పుండు కాదు,” అన్నారు.

“మరేంటండి?” అంది మంగతాయారు.

సూపరింటెండెంటు గారు ప్రఫుల్లచంద్ర వైపు చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. “చర్మం తన అసమ్మతిని వ్యక్తపరుస్తున్నది.”

“చీము కారతందండి!”

“అసమ్మతి కొంత తీవ్రంగానే ఉన్నది,” అని ఒప్పుకున్నాడు ప్రఫుల్లచంద్ర.

“నాయనా, ఇంటి దగ్గర్నించే తెచ్చుకున్నావేమో, గుర్తు తెచ్చుకో,” అన్నారు సూపరింటెండెంటు గారు ఆశగా.

నూకరాజు నిజాయితీగా ఆలోచించాడు. “చెట్టు మీంచి కిందికి వచ్చేటప్పుడు వీపంతా శుభ్రంగానే ఉందండి. కింద పడ్డాక నేరుగా ఇక్కడికే తెచ్చారండి.”

ఆయన నిట్టూర్చి వెళ్ళిపోయారు.

సువార్తమ్మ మాత్రం ఊరుకోలేదు. నా పుండు దిగుమతి సరుకు కాబట్టి దానికి రోజూ గాజుగుడ్డ వస్తుంది. ఆ చుట్టలోంచి ముప్పావు వంతు కత్తిరించి నూకరాజుకి కట్టేది. మిగిలిన ముక్క నాకు. “మీ పుండు ఈమధ్య గుడ్డ బాగా తింటోందండి సూరన్నగారూ,” అనేది నవ్వకుండా. కట్టు బాగానే ఉంది గానీ, మనిషి మళ్ళీ ఆ పుండు మీదే పడుకోవాలి కదా. జ్వరం రావడం మొదలైంది. అన్నం సయించలేదు. ఎముకల డాక్టరు జోగారావు గారు వచ్చి చూసి, “చీముండగా ప్లేటు వెయ్యను. ముందు ఇది మాననివ్వండి,” అని వెళ్ళిపోయారు. ఆ మాటకి నూకరాజు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. తిప్పగలిగింది అదొక్కటే.

పక్క టౌను ఆసుపత్రికి పంపించేద్దామని సూపరింటెండెంటు గారు నిర్ణయించారు. బరువు ఊడదీసి, కాలికి చెక్కలు కట్టి, అంబులెన్సు ఎక్కించారు. సాయంత్రానికల్లా అదే అంబులెన్సులో తిరిగొచ్చారు. వాళ్ళ గేటుకి కూడా బోర్డుంది. ఇంకా పెద్దది, లైట్లతో. గతుకుల రోడ్డు మీద రానూ పోనూ ఆ మనిషి పడ్డ బాధ తలుచుకుని మంగతాయారు కొంగు నోట్లో కుక్కుకుని బల్లమీద కూర్చుంది.

మర్నాడు ప్రఫుల్లచంద్ర వెలిగిపోతున్న మొహంతో వార్డులోకి వచ్చాడు. సూపరింటెండెంటు గారు వెనకే.

“సర్, మార్గదర్శకాల ప్రకారం పుండు ఎవరికి ఉండరాదు? రోగికి. రోగి సహాయకులకు ఉండరాదని ఎక్కడా లేదు.”

“అయితే?”

“ఇతన్ని సహాయకుడిగా మారుస్తాం సర్.”

“మరి రోగి?”

ప్రఫుల్లచంద్ర మంగతాయారు వైపు చెయ్యి చూపించాడు, పెళ్ళిచూపుల్లో అమ్మాయిని చూపించినట్టు. “ఈవిడ. దంపతుల మధ్య హోదాల పరస్పర బదిలీ.”

సూపరింటెండెంటు గారు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి, “చట్టం ఏ మాత్రం దెబ్బతినడం లేదు,” అన్నారు. దెబ్బతినేదేమిటో మంచం మీద మూలుగుతోంది.

ఆర్డరు టైపయి వచ్చింది. నూకరాజు మంచం, మందులచీటీ, భోజనం టోకెను అన్నీ మంగతాయారు పేరు మీదకి మారాయి. రోగి మంచం మీద ఉండాలి, సహాయకుడు బల్లమీద ఉండాలి కాబట్టి, కాలుతో, తాడుతో, బరువుతో సహా నూకరాజుని ఇనపబల్ల మీదకి దించారు. సహాయకులకి పుండు ఉంటే ఓపీలో వరసలో నించుని చూపించుకోవచ్చని ప్రఫుల్లచంద్ర దయగా చెప్పాడు.

పరుపు లేని బల్ల. ఆ పుండు. అంత మగాడూ బల్ల అంచు పిడికిట పట్టుకుని, “తాయారూ, నన్ను ఇంటికి తీసుకుపో. పోతే మన ఇంట్లోనే పోతాను,” అన్నాడు.

నిన్నటిదాకా గొంతు చించుకున్న మనిషి మంచం మీద కూర్చుని చప్పుడు లేకుండా ఏడ్చింది.

నాకు ఒక అలవాటుంది. ఎదురుగా దస్తావేజు లాంటి కాయితం కనిపిస్తే చదవకుండా ఉండలేను. “అమ్మాయ్, ఆ ఆర్డరు ఇలా ఇయ్యి,” అన్నాను. చదివాను. పొలం చేతులు మారితే పొలంతో పాటు బావి, చెట్లు, నడిచే దారి కూడా మారతాయి. ఏమేం మారాయో అమ్ముకున్నవాడు చూసుకోడు. కొన్నవాడు చూసుకోవాలి.

“ఏడవకు. నువ్వు చాలా కొనుక్కున్నావు,” అన్నాను.

“ఏం కొన్నానండి బాబాయిగారూ?”

“రోగికి రావలసినవన్నీ ఇందులో రాశారు. పైనుంచి వచ్చిన గాలిపరుపు ఒకటుంది. అది నివారణ కోసం. అంటే పుండు లేని రోగికే ఇస్తారు. నీ ఒంటిమీద పుండేమన్నా ఉందా?”

“లేదండి.”

“అయితే అది నీదే. రోగికి పాలు, గుడ్లు ఇవ్వాలి. రెండు గంటలకోసారి ఇద్దరు సిస్టర్లు వచ్చి తిప్పాలి. చర్మం రాసుకోకుండా గాజుగుడ్డ ఇవ్వాలి. ఇవన్నీ నీవే.”

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని నా వైపు చూసింది. తర్వాత మొగుడి వైపు చూసింది. “అడిగితే ఇత్తారాండి?”

“రోగివి నువ్వు. గట్టిగా అడుగు.”

గట్టిగా అడగడం ఆవిడకి నేర్పక్కర్లేదు. సూపరింటెండెంటు గారు రౌండ్లకి రాగానే వార్డు అదిరిపోయేటట్టు మొదలుపెట్టింది. “ఆయ్, నేను రోగినండి! నాకు పుండు పడకముందే పరుపు ఇప్పించండి! పడ్డాక ఇత్తే ఏం లాభమండి? నన్ను తిప్పేవాళ్ళేరండి? ఇలాగే పడుంటే రేపు నా వీపు అసమ్మతి చెప్పదాండి?”

సూపరింటెండెంటు గారి కళ్ళు చెమర్చాయి. “చూశావా ప్రఫుల్లా, నివారణ మీద ప్రజల్లో ఎంత చైతన్యం వచ్చిందో! ఇదీ మన విజయం.”

గాలిపరుపు ఆయన గదిలోనే, వచ్చినవాళ్ళకి చూపించడానికి ప్లాస్టిక్ తొడుగుతో సహా ఉంది. దాన్ని తెప్పించి, మంచం మీద పరిచి, మోటారు పెట్టారు. దానిలో గొట్టాలు ఒకటి విడిచి ఒకటి ఉబ్బుతూ, తగ్గుతూ ఉంటాయి. ఒళ్ళు ఒకేచోట నలగదు. గ్రాఫులు గీస్తున్న సిస్టర్లలో ఇద్దర్ని పిలిపించి ఈ రోగిని తిప్పమన్నారు.

సూపరింటెండెంటు గారు అటు వెళ్ళగానే నేనూ, హెర్నియా ఆయనా, సువార్తమ్మా, ఇంకో ఇద్దరూ కలిసి నూకరాజుని ఎత్తి ఆ పరుపు మీద పడుకోబెట్టాం. బరువు మళ్ళీ కప్పీకి కట్టాం. పరుపు అతని కింద మెల్లగా ఉబ్బింది. అతను కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి, “తాయారూ, గాలికి ఊగే కొబ్బరిమట్ట మీద పడుకున్నట్టుంది,” అన్నాడు. జ్వరంలో ఏం మాట్లాడుతున్నాడో తెలీదు గానీ, మొహం మాత్రం విప్పారింది.

సిస్టర్లు ఇద్దరూ వచ్చి, “మంగతాయారెవరు?” అన్నారు.

“నేనేనండి. కానీ నాకు బదులు ఆయన్ని ఎత్తండి. నాకు సిగ్గు,” అంది మంగతాయారు.

వాళ్ళిద్దరూ సువార్తమ్మ వైపు చూశారు. “మంచం మీదున్న మనిషిని తిప్పమని ఉంది. మంచం మీద ఎవరున్నారు?” అంది సువార్తమ్మ. వాళ్ళు నడుం కింద చేతులు వేశారు. గ్రాఫులు గీసి గీసి విసుగెత్తి ఉన్నారేమో, మనిషిని పట్టుకోవడం వాళ్ళకి సంతోషంగానే ఉన్నట్టనిపించింది.

ప్రఫుల్లచంద్ర ఊరుకుంటాడా? ఒక పూట వచ్చి అడిగాడు. “సహాయకుడు రోగి మంచం మీద ఎందుకున్నాడు?”

“నాకు ఒక్కదాన్నే పడుకోవాలంటే భయమండి,” అంది ఆవిడ, మంచం అంచున కూర్చుని కాళ్ళు ఊపుతూ.

“కుటుంబ ఆధారిత మానసిక మద్దతు. బాగుంది. రిపోర్టులో రాయండి,” అన్నారు వెనకనున్న సూపరింటెండెంటు గారు.

రోగి కాబట్టి మంగతాయారుకి రోజూ బీపీ చూసేవారు. రక్తం తీశారు. గుండె విన్నారు. వద్దంటే రోగి హోదా పోతుందేమోనని ఆవిడ అన్నిటికీ చెయ్యి చాపింది. ఆవిడకిచ్చిన గుడ్లూ పాలూ మొగుడి నోట్లో పోసేది. “నాకొద్దే, నువ్వు తిను,” అంటే, “నోర్మూసుకుని మింగు మావా. రోగిని నేను, నా మాట వినాలి,” అనేది. జోగారావు గారు ఒకరోజు నల్లబడ్డ చర్మం కత్తిరించేశారు. కింద ఎర్రటి కండ కనిపించింది. సువార్తమ్మ అది చూసి, పెరట్లో మొక్కకి చిగురొచ్చినట్టు అందర్నీ పిలిచి చూపించింది. జ్వరం తగ్గింది. నూకరాజు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. పుండు అంచుల నించి లోపలికి దగ్గరపడడం మొదలైంది.

అప్పుడే రాష్ట్రం నించి పరిశీలకురాలు వచ్చారు. పేరు హైమావతి గారు. గంజి పెట్టిన చీర, మెడలో కళ్ళద్దాల గొలుసు. ఆవిడ వస్తున్నారని మైకులో ఎడమ పార్శ్వం, కుడి పార్శ్వం ఆపకుండా చెప్పించారు. వార్డు వార్డంతా పెనం మీద అట్లలాగా తిరుగుతోంది. హైమావతి గారు నేరుగా గాలిపరుపు దగ్గరికే వచ్చారు.

“అమ్మా, మీ జబ్బేమిటి?”

“నా జబ్బు ఇదిగోండి, నా పక్కనే పడుకుంది,” అంది మంగతాయారు మొగుణ్ణి చూపిస్తూ.

సూపరింటెండెంటు గారి మొహం పాలిపోయింది. హైమావతి గారు మాత్రం పకపకా నవ్వారు. “ఆడవాళ్ళందరి జబ్బూ అదేనమ్మా!” అని, కర్టెను లాగించి, మంగతాయారు వీపు పరీక్ష చేశారు. బయటికొచ్చి గంభీరంగా అన్నారు: “ఇంత దీర్ఘకాలం మంచం మీద ఉన్నప్పటికీ ఇంత ఆరోగ్యకరమైన చర్మాన్ని నా సర్వీసులో వీక్షించలేదు.”

“మేడమ్, మా ఆయన నడుం కూడా ఒకసారి చూడండి. పుండు పడి చచ్చి బతికాడు,” అంది మంగతాయారు సూటిగా.

హైమావతి గారు కాయితాలు తిరగేశారు. “సహాయకుల చర్మము మా పరిధిలోనికి రాదు.”

అవార్డు వచ్చింది. మేకుకి వేలాడింది. సూపరింటెండెంటు గారు అందరికీ లడ్డూలు పంచారు. నా సుగరు సంగతి తెలిసి నాకు సగమే ఇచ్చారు.

ప్లేటు కూడా వచ్చింది. అయితే దానిమీద రోగి పేరు రాసి ఉంటుంది కదా. ఆపరేషన్ థియేటరు నించి పిలుపొచ్చింది: “మంగతాయారుని తీసుకురండి. ఎడమ తొడ.”

తోసుకుపోయే బండి పట్టుకొచ్చినవాడు ఆవిడ రెండు కాళ్ళ మీదా నడిచి రావడం చూసి హడలిపోయాడు. ప్రఫుల్లచంద్ర పరిగెత్తుకొచ్చాడు. “శస్త్రచికిత్స రోగికే చేయవలెను. సహాయకుడికి చేసే వీలు లేదు. మళ్ళీ అతన్ని రోగిగా మారిస్తే అతని వీపు రికార్డులోకొస్తుంది. అవార్డు వెనక్కిచ్చేయాలి.”

“అయితే నన్ను చెట్టెక్కి పడి రమ్మంటారాండి? తొడ విరగ్గొట్టుకొస్తే చేత్తారా?” అంది మంగతాయారు.

ప్రఫుల్లచంద్ర వెంటనే కాదనలేదు. ఆ మాట మీద ఆయన కాసేపు ఆలోచించడం నేను చూశాను. ఇక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. మంచం మీదే కూర్చుని కాయితం, కలం తెప్పించుకున్నాను.

“ఎడమ తొడ శస్త్రచికిత్స హక్కుదారురాలైన మంగతాయారు అను నేను నా స్వబుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రేరేపణా లేకుండా, నా భర్త నూకరాజునకు వ్రాయించి ఇచ్చిన దాన సెటిల్మెంటు దస్తావేజు ఏమనగా: మీరు నా భర్త అయినందున, మీయందు నాకు గల ప్రేమాభిమానముల చేత, నాకు సంక్రమించిన ఆపరేషన్‌ను ప్లేటుతోను మరలతోను సహా మీకు ఇందుమూలముగా దఖలుపరచడమైనది. దీనిని మీరు సర్వహక్కులతో అనుభవించగలరు. షెడ్యూలు: ఎడమ తొడ ఒకటి. చెక్కుబందీ: ఎగువన తుంటి, దిగువన మోకాలు, కుడిపక్క రెండవ తొడ, ఎడమపక్క ఖాళీ స్థలము.”

మంగతాయారు వేలిముద్ర వేస్తానంది. సంతకం చెయ్యడం వచ్చు గానీ వేలిముద్రకే విలువెక్కువని ఆవిడ నమ్మకం. నేనూ సువార్తమ్మా సాక్షి సంతకాలు చేశాం.

ప్రఫుల్లచంద్ర దాన్ని రెండుసార్లు చదివాడు. ఆ భాష ఆయనకి అమృతంలా దిగింది. “దీనిలో లోపమేమీ కనబడుట లేదు,” అన్నాడు గౌరవంగా. జోగారావు గారు మాత్రం చదవలేదు. “నాకు విరిగిన ఎముక చూపించండి చాలు, ఎవరి పేరైతే నాకేం?” అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. ముందు నూకరాజుని పక్కకి తిప్పి పుండు చూశారట. మానిన చోట గులాబిరంగు చర్మం తప్ప ఏమీ లేదని సువార్తమ్మ వచ్చి చెప్పింది.

ఆపరేషన్ బాగా జరిగింది. తలుపు బయట రోగి తాలూకు మనుషుల బెంచీ మీద రోగే కూర్చుని ఉంది, చేతులు జోడించుకుని. తలుపు తెరిచి జోగారావు గారు, “అయిపోయిందమ్మా, బాగున్నాడు,” అనేదాకా ఆవిడ ఆ చేతులు విప్పలేదు.

నూకరాజు చేతికర్రల మీద నాలుగడుగులు వెయ్యగలిగిన తర్వాత డిశ్చార్జి ఇచ్చారు. నాకూ ఆ రోజే. ఇక్కడ ఇంకో రూలుంది. డిశ్చార్జయిన రోగిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి సహాయకుడే బయటి దాకా తోసుకెళ్ళాలి. మంగతాయారు ఎంత మొత్తుకున్నా వినకుండా ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టారు. నూకరాజు చేతికర్రలు ఆవిడ ఒళ్ళో పెట్టి, కుర్చీ వెనక పిడులు పట్టుకున్నాడు. చిత్రంగా ఆ ఊతం అతనికి కర్రల కంటే బాగా కుదిరింది. ఒక్కో అడుగే వేస్తూ తోశాడు. ఆవిడ వెనక్కి తిరిగి చూస్తూ, “నెమ్మది మావా, నెమ్మది,” అంటూనే ఉంది. వరండాలో సూపరింటెండెంటు గారు ఎదురొచ్చి ఆవిడకి నమస్కారం పెట్టారు. “పూర్తిగా కోలుకున్నావమ్మా. ఆరోగ్యం జాగ్రత్త.”

“ఆయ్, అలాగేనండి,” అంది ఆవిడ.

పోర్టికో బయట ఆటో ఆపించాను. డ్రైవరు దిగొచ్చి, “పేషెంటుని ముందు ఎక్కించండి,” అన్నాడు. కుర్చీలోంచి మంగతాయారు ఠక్కున లేచి నించునేసరికి అతను ఒకడుగు వెనక్కేశాడు. ఆవిడ మొగుడి చంకలో భుజం పెట్టి, సీటు మీద ఇంట్లోంచి తెచ్చిన దూది దిండు వేసి, దానిమీద ఒక పక్కకి ఒత్తిగిల్లేటట్టు కూర్చోబెట్టింది. కర్రలు లోపల సర్దింది. నా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, “పుండుంది, ముట్టుకోకమ్మా,” అని ఆపాను.

“బాబూ, దారిలో రెండు చోట్ల ఆపాలి. ఈయన్ని లేపి నించోబెట్టి మళ్ళీ కూకోబెట్టాలి,” అంది డ్రైవరుతో.

“ఎంతదూరమండీ, గంట కూడా పట్టదు. ఎందుకూ ఆపడం?”

“కూకున్న చోటే కూకుండిపోతే మనిషికి పుండు పడుద్దండి,” అంది మంగతాయారు, మొగుడి పక్కన ఇరుక్కుని కూర్చుంటూ. “ఆఫీసర్లకైతే ఏం అవదనుకోండి.”